మంచాన పడ్డ అమ్మ: భారం అన్న ఒక్కడిదేనా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. పక్షవాతం వచ్చిన మా అమ్మ అన్నయ్య ఇంట్లో ఉంటోంది. రెండేళ్ల కిందట ఇంటిని ఆయన పేర దాన సెటిల్‌మెంట్ రాసిచ్చింది. ఇప్పుడు అన్నయ్య, వదిన అరుస్తున్నారు, ఒక్కోసారి చెయ్యి చేసుకుంటున్నారు. నేను పెళ్లయి ఒంగోలులో ఉంటాను. కేసు వేయొచ్చా?

జవాబు: కొట్టడం ఇంకా జరుగుతుంటే ముందు 112కి ఫోన్ చేయండి. ప్రభుత్వాసుపత్రిలో చూపించి, గాయాల సంగతి చీటీలో రాయించండి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 కూడా ఉంది.

ఇక పోషణ సంగతి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టం కింద హక్కు అమ్మగారిది. ఆమె కదల్లేరు కాబట్టి మీకు అధికారమిస్తూ వేలిముద్రతో కాగితం తీసుకుని, కావలి ఆర్డీవో దగ్గరున్న ట్రిబ్యునల్‌లో దరఖాస్తు ఇవ్వండి. వకీలు అక్కర్లేదు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, ఈలోగా మధ్యంతర భృతి అడగొచ్చు. భృతి నెలకు 10,000 రూపాయలు దాటదు.

ఒకటి తెలుసుకుని వేయండి. ఆ చట్టంలో కూతురికీ కొడుకుతో సమానంగా బాధ్యత ఉంది, పెళ్లయిందన్నది జవాబు కాదు. మిమ్మల్నీ ప్రతివాదిగా చేర్చమని మీ అన్నయ్య అడగొచ్చు. మంచంలో ఉన్న మనిషికి రెండేసి గంటలకోసారి ఒళ్లు తిప్పాలి, పక్కబట్టలు మార్చాలి, రాత్రి నిద్ర ఉండదు. ఆ చాకిరీ చాలా ఇళ్లలో కోడలి నెత్తినే పడుతుంది. చెయ్యి చేసుకోవడానికి అది సాకు కానే కాదు. కానీ మీ వదినకు ఊపిరి తీసుకునే వీలు కల్పించకుండా తెచ్చుకున్న ఉత్తర్వుతో అమ్మగారి బతుకు మారదు.

ట్రిబ్యునల్ రాజీ అధికారికి పంపితే దాన్ని వాడుకోండి. నెలలో పది రోజులు అమ్మ మీ దగ్గర, ఆయా జీతంలో మీ వాటా ఎంత, మందులూ డైపర్లూ ఎవరు కొనాలి, ఏ తేదీలోపు - ఇవన్నీ రాయించండి. 'బాగా చూసుకుంటాం' అన్న మాటను అమలు చేయించలేం, మొత్తం, తేదీ ఉంటే చేయించగలం. భృతి ఎగ్గొడితే గడువు దాటిన మూడు నెలల్లోపే బాకీ వసూలు వారంటుకు అడగాలి.

పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారికి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 పింఛను ఉంది. వైద్య ధ్రువపత్రంతో సచివాలయంలో అడగండి. ఆ డబ్బుతోనే ఆయా జీతం చాలావరకు గడుస్తుంది.

ఇల్లు వెనక్కి రావాలంటే, తనను చూసుకోవాలన్న షరతు మీదే రాసిచ్చినట్టు తేలాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరిలో మరో కేసులో, దస్తావేజుతో పాటు అదే రోజు రాసిన విడి హామీపత్రాన్నీ లెక్కలోకి తీసుకుని తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించింది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీసి చదవండి. 'ప్రేమాభిమానాలతో' అని తప్ప ఇంకేమీ లేకపోతే, ఇంటి మీద ఆశ తగ్గించుకుని పోషణ దరఖాస్తును గట్టిగా నడపండి.