వియత్నాం కొండపల్లెల్లో పరిశుభ్రత వాలంటీరింగ్: వెళ్తే ఉపయోగం ఉందా?

"వియత్నాం మారుమూల పల్లెల్లో ఆరోగ్యం, శుభ్రత గురించి చెప్పడానికి వాలంటీర్‌గా వెళ్తే అక్కడివాళ్లకి ఏమైనా ఒరుగుతుందా?" అని అడిగారు. ఒరుగుతుంది, కానీ మనవల్ల కాదు.

హనోయిలో ఉద్యోగం చేసేటప్పుడు ఆఫీసువాళ్లతో హాజాంగ్ అనే ప్రావిన్సుకి వెళ్లాను. 2025లో దాన్ని పక్క ప్రావిన్సులో కలిపేశారు, అయినా అందరూ పాత పేరే వాడతారు. చైనా సరిహద్దులో డోంగ్ వాన్ పీఠభూమి, అంతా సున్నపురాయే. ఎంత వాన పడినా నీళ్లన్నీ పగుళ్లలోంచి కిందకి దిగిపోతాయి. హ్మాంగ్ అనే కొండజాతి రైతులు ఆ బండల సందుల్లోనే మొక్కజొన్న వేస్తారు. మేం వెళ్లింది టెట్ అనే వాళ్ల కొత్త సంవత్సరం పండగ అయ్యాక, సరిగ్గా నీటి కటకట రోజుల్లో.

బడి ముందు బ్యానర్ కట్టి, టీషర్టులు పంచి, చేతులు కడుక్కోవడం నేర్పుతున్నాం. మావాడొకడు క్యాను వంచి నీళ్లు ధారగా పోస్తున్నాడు. గుంపులోంచి ఒక ముసలామె విసవిసా వచ్చి, పిల్లాడి చేతుల కింద సత్తుబేసిన్ పెట్టి ఏదో గట్టిగా అంది. మా వియత్నామీ కుర్రాళ్లకీ అర్థం కాలేదు, ఆమెకి హ్మాంగ్ భాష తప్ప రాదు. ఊరి ఆరోగ్య కార్యకర్త నవ్వుతూ చెప్పాడు: "ఆ క్యాను మోసుకొచ్చింది ఈవిడ కోడలే."

తర్వాత అతను ఖాళీ నీళ్ల సీసా మూతకీ, గాలి ఆడేలా అడుక్కీ మేకుతో బెజ్జం పెట్టి, నీళ్లు నింపి, తలకిందులుగా గుంజకి కట్టాడు. సన్నటి ధార. ఒక్క సీసాతో వరసలో ఉన్న పిల్లలు చాలామంది కడిగేసుకున్నారు. సబ్బు మాది, తెలివి అతనిది. ఫొటోల్లో మాత్రం మేమే ఉన్నాం.

మన ఆశా కార్యకర్తల్లాంటివాళ్లే ఈ ఊరి ఆరోగ్య కార్యకర్తలూ. భత్యం అంతంతమాత్రం. ఏ ఇంట్లో గర్భిణి ఉంది, ఏ పిల్లకి టీకా తప్పింది, అన్నీ వీళ్లకే తెలుసు. నగరం నుంచి వచ్చేవాళ్లు ముందు వీళ్లనే పక్కకి నెట్టి మైకు పట్టుకుంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఇంకో తమాషా. అదే దారిలో ఒక బడికి ఎవరో దాతలు టైల్సు వేసి ఫ్లష్ మరుగుదొడ్డి కట్టించారు. నీళ్లేవీ? తాళం వేసి ఉంది. నీళ్లు అక్కర్లేని రెండు గదుల మరుగుదొడ్డిని 1950లలో కనిపెట్టిందే ఉత్తర వియత్నాం! ఒక గది వాడుతూ ఎప్పటికప్పుడు బూడిద చల్లుతారు, నిండాక మూసేసి రెండోది తెరుస్తారు. నెలల తరబడి మాగాకే పొలానికి ఎరువు. పచ్చిది పొలంలో వేస్తేనే కదా నులిపురుగులు తిరిగి కడుపులోకి చేరేది. పొయ్యి ఆరని ఇళ్లలో బూడిదకి కరువా?

కాబట్టి వెళ్లే ముందు కమ్యూన్ (కొన్ని పల్లెలు కలిసిన పాలనా విభాగం) ఆరోగ్య కేంద్రంవాళ్లని ఏం కావాలో అడగండి. నన్నడిగితే వాననీళ్లు పట్టే ట్యాంకులకి డబ్బివ్వడమే మేలు. ప్రభుత్వం కొండవాలుల్లో కట్టిన నీటి చెరువులు ఉన్నాయి గానీ, అక్కణ్నుంచి ఇంటికి మోయాలిగా! మోసేది ఎలాగూ ఆడవాళ్లే.

ఇక బైకుల మీద అక్కడి 'మా పీ లెంగ్' అనే కొండ కనుమ చూడ్డానికొచ్చి, పిల్లలకి చాక్లెట్లు పంచి, దాన్నే సేవ అనుకునేవాళ్ల సంగతి నన్నడక్కండి. పన్ను పుచ్చితే ఆ పిల్లాణ్ణి ఎక్కించుకుని కొండ దిగాల్సింది వాళ్ల నాన్న.