బ్లెండర్‌లో బంతి మళ్లీ పాత చోటికే వెళ్లిపోతుంటే

త్రీడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో వీడియో పాఠం చూసి బంతిని కదిలిస్తుంటే అది పాత చోటికే పోతోందని, కీబోర్డులో ఐ నొక్కితే మెనూ రావట్లేదని అడిగారు కదా. బంతిని ముందు జరిపి, తర్వాత ఫ్రేమ్ (యానిమేషన్‌లో ఒక్కో బొమ్మ) మారుస్తున్నట్టున్నారు. అందుకే అది వెనక్కి గెంతుతోంది. ఐ నొక్కితే పాఠంలోలా మెనూ రాకపోవడం తప్పేం కాదు, ఆ పాఠం పాత వెర్షన్‌ది. బ్లెండర్ 4.1 నుంచి ఐ నొక్కగానే మెనూ లేకుండానే కీఫ్రేమ్ (ఆ ఫ్రేమ్‌లో బంతి ఎక్కడుందో గుర్తుంచే గుర్తు, పొట్టిగా కీ) పడుతుంది. మెనూయే కావాలంటే కే నొక్కండి.

1. ఒకటో ఫ్రేమ్‌లో బంతిని సెలెక్ట్ చేసి, మౌస్ బంతి ఉన్న వ్యూ మీదే ఉంచి ఐ నొక్కండి.
2. 20వ ఫ్రేమ్‌కి వెళ్లండి. బంతిని ఇంకా ముట్టుకోవద్దు.
3. ఇప్పుడు జీ నొక్కి బంతిని జరిపి, క్లిక్ చేసి, వెంటనే ఐ నొక్కండి.

అందరూ మర్చిపోయేది ఆ చివరి ఐ. అది నొక్కకుండా టైమ్‌లైన్‌లో (ఫ్రేములు వరసగా ఉండే పట్టీ) ఫ్రేమ్ మారిస్తే జరిపినదంతా పోతుంది.

అనుమానంగా ఉంటే ఎన్ నొక్కి, పక్కన తెరుచుకునే పట్టీలో లొకేషన్ (బంతి ఉన్న చోటు) గడుల రంగు చూడండి. పసుపైతే కీ పడింది. నారింజైతే జరిపారు గానీ కీ వేయలేదు. ఆకుపచ్చైతే కీలు వేరే ఫ్రేముల్లో ఉన్నాయి.

ఆటో కీయింగ్ (జరపగానే కీ దానంతటదే పడే సెట్టింగ్) పెట్టుకోమని కొందరంటారు. కొత్తలో వద్దు, చెయ్యి తగిలినా కీ పడిపోతుంది.

పర్లాకిమిడిలో మీ నెట్‌కి వీడియో మసకగా వస్తోందన్నారు కదా, అలాగైతే పాఠంలో తెర మూలన చూపించే కీబోర్డు మీటల పేర్లు కనపడవు. రాయగడలో నేను చేసేది, రాత్రి పాఠం డౌన్‌లోడ్ పెట్టి పొద్దున చూడడం.