గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. ఇరవై ఏళ్లుగా తాగుతున్నాను. క్వార్టర్‌తో మొదలైంది, ఇప్పుడు రోజూ హాఫ్ బాటిల్ దాకా వచ్చింది. ఏటా అయ్యప్ప మాల వేస్తాను. ఆ 41 రోజులూ ముట్టను. మాల తీసిన రాత్రే మళ్లీ మొదలు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగు ఎక్కడుందో మా ఆవిడే కనుక్కుని పంపింది. చర్చి ఆవరణలో హాలు. గేటు దగ్గర మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ కనిపించాడు. బండి తిప్పుకుని వచ్చేశాను. అక్కడ అందరి ముందూ మాట్లాడాలా? మతం సంగతేమైనా ఉంటుందా? ఇవన్నీ ఎందుకు, ఈ రోజే మానేసి ఇంట్లో కూర్చుంటే పోదా? మాల వేసిన మొదటి మూడు రోజులూ చేతులు వణుకుతాయి, అంతే.

జవాబు: ఆ టైముకి సెక్రటరీ గారు అక్కడికి ఎందుకొచ్చారని మీరనుకుంటున్నారు? మీటింగుకే వచ్చి ఉంటే ఆయనా మీలాంటివారే. మీరు ఆయన్ను చూశారన్నది ఆయనకీ టెన్షనే. అక్కడ చూసినవారి పేరు, విన్న మాట బయటికి తేకూడదన్నది వాళ్ల మొదటి కట్టుబాటు. ఇంకో మాట. ఇరవై ఏళ్లుగా తాగుతున్న మనిషి సంగతి అపార్ట్‌మెంట్‌లో తెలియదనుకుంటున్నారా? వాచ్‌మన్‌ని అడగండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ గేటు కాదు, చేతుల వణుకు. దాన్ని 'అంతే' అని తీసేయకండి. రోజూ ఇంత తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి లేని మనుషులు కనిపిస్తారు, తామెక్కడున్నదీ తెలియదు. ప్రాణం మీదికి వస్తుంది. పైగా ఇలా మానడం, మళ్లీ తాగడం ఎన్నిసార్లు జరిగితే తర్వాతిసారి అంత కష్టమయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి ముందు సైకియాట్రిస్టును కలవండి. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్లినా సరే. కొద్ది రోజుల మందులు, బి1 విటమిన్ ఇచ్చి డాక్టర్ దగ్గరుండి ఆ గండం దాటిస్తారు. మీటింగు డాక్టరుకు బదులు కాదు.

ఇక మాల. నిజానికి మీకు తెలియకుండానే సగం దారి మీరు నడిచేశారు. ఆ 41 రోజులూ మిమ్మల్ని ఆపింది భక్తి ఒక్కటే కాదేమో చూసుకోండి. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, సాయంత్రం భజన, కనిపించిన ప్రతివాడూ 'స్వామీ' అని పిలవడం, కాళ్లు తడబడితే చెప్పుకోవడానికి గురుస్వామి. మాల తీయగానే ఇవన్నీ ఒక్కరోజులో పోతాయి, మీరు ఒంటరిగా మిగులుతారు. మీటింగు చేసేది ఆ తోడు మళ్లీ ఇవ్వడమే. గురుస్వామి చోట 'స్పాన్సర్' ఉంటాడు, అంటే మీకంటే ముందు మానేసినవాడు. తేడా ఒక్కటే, అక్కడ ఆఖరి రోజు లెక్క ఉండదు. 'ఈ ఒక్క రోజు తాగను' అంటారు, రేపు మళ్లీ అదే మాట.

మతం గురించి: చాలాచోట్ల చర్చి హాళ్లు, స్కూలు గదులు తక్కువకు దొరుకుతాయి గనుక అక్కడ పెట్టుకుంటారు. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జన్ మొదలుపెట్టారు దీన్ని. ఇద్దరూ మందుకు బానిసలే. తాగుడు మానడానికి వాళ్లు పాటించే పన్నెండు మెట్లలో దేవుడి మాట ఉంది కానీ, ఆ దేవుడు ఎవరన్నది మీ ఇష్టం. ఫీజు లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత.

బయటివారిని రానిచ్చే 'ఓపెన్' మీటింగు ఒకదానికి నేనూ వెళ్లాను. ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్లాస్కులో టీ, బిస్కెట్లు. ఒకాయన లేచి తన పేరు, తను ఆల్కహాలిక్‌నని చెప్పి, కూతురి ఫీజు డబ్బుతో తాగిన రోజు గురించి మాట్లాడాడు. ఎవరూ సలహా ఇవ్వలేదు, అడ్డు రాలేదు. వెనక వరుసలో ఆ రోజే కొత్తగా వచ్చిన కుర్రాడు. టీ ఇచ్చే పెద్దాయన అతని కప్పు మాత్రం సగమే నింపాడు. వణికే చేతికి నిండు కప్పు ఒలుకుతుందని ఆయనకు చెప్పక్కర్లేదు. ఆ కుర్రాడు గంటన్నర సేపూ నోరు విప్పలేదు, ఎవరూ విప్పమనలేదు. మీరూ అంతే, ఊరికే కూర్చోవచ్చు.

మీ ఆవిడకు ఓ మాట. ఎవరో అమ్మే 'మందు మాన్పించే పొడి' మీకు తెలియకుండా కూరలో కలిపే పని ఎప్పుడూ చేయొద్దని చెప్పండి. అందులో డైసల్ఫిరామ్ (తాగితే ఒంటికి పడకుండా చేసే మందు) ఉండి, పైన మీరు తాగితే బీపీ పడిపోయి గుండె మీదికి వస్తుంది. ఆమెలాంటి వారికి అల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి. మీరు మానినా మానకపోయినా ఆమె వెళ్లవచ్చు.

ఆ హాలు ఇబ్బందైతే వేరే పేటలో చూసుకోండి. సంస్థ భారత విభాగం వెబ్‌సైటులో ఊళ్లవారీగా వివరాలుంటాయి, ఆన్‌లైన్ మీటింగులూ ఉన్నాయి. రాత్రిపూట మనసు ఆగకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయండి, తెలుగులో మాట్లాడతారు. మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446.

మీటింగుకు ముందు రోజే ఫోన్ చేసి, 'కొత్తవాణ్ని, గేటు దగ్గర ఎవరైనా నిలబడతారా' అని అడగండి. నిలబడతారు. ఈసారి బండి మీద మాత్రం వెళ్లకండి. ఆటోలో వెళ్లి, డబ్బులిచ్చి పంపేయండి.