ఆలోచనకూ వాగుకూ ఉన్న పోలిక ఎక్కడిదాకా నిలుస్తుంది?

మనిషి ఆలోచనకూ చెట్టు, నది వంటి ఆకారాలకూ ఉన్న పోలిక నిజమైనదా, కవుల ఊహేనా అని అడిగారు. నిజమైనదేనని నా నమ్మకం. కాకపోతే అది ఒక మేరకే నిజం.

మాది కడప జిల్లాలో జమ్మలమడుగు దగ్గరి పల్లె. బడిలో పెన్నా నదిని గీయమంటే చిత్రావతి, కుందూ, పాపఘ్ని, సగిలేరు, చెయ్యేరు వచ్చి కలిసే చోట్లు గుర్తుండక, ఎండిన చెట్టుకొమ్మను ఎదురుగా పెట్టుకుని గీసేవాణ్ణి. డిగ్రీలో జంతుశాస్త్రం ప్రాక్టికల్స్‌లో మైక్రోస్కోపు కింద నాడీకణాన్ని చూసినప్పుడు, నాకు ఆ పటమే మళ్లీ కనిపించింది. సంకేతాలను లోపలికి చేర్చే ఆ కొమ్మలకు 1889లో విల్హెల్మ్ హిస్ అనే శరీరశాస్త్రవేత్త డెండ్రైట్లని పేరు పెట్టింది కూడా చెట్టు అనే అర్థమున్న గ్రీకు మాట నుంచే. అవి ఉపనదుల్లాగా నలుదిక్కుల నుంచీ తెచ్చి ఒకచోట కలుపుతాయి. ఆ కణం నుంచి సంకేతాన్ని బయటికి మోసుకుపోయే పొడవాటి పోగు ఆక్సాన్. దాని చివరి పాయలు కాలువల్లాగా పంచుతాయి.

రూపం ఒకటే అయినా కారణాలు ఒకటి కావు. చెట్టుకూ నాడీకణానికీ తక్కువ పదార్థంతో ఎక్కువ చోటును అందుకోవలసిన అవసరం ఉంది. వాగుకు అవసరమంటూ ఏదీ లేదు. నీళ్లు ఎక్కువ పారిన చోట నేల లోతుగా కోసుకుపోతుంది, లోతైన చోటికే మళ్లీ నీళ్లు చేరుతాయి. నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఈ రెండో సంగతే, ఎందుకంటే కలిసి పనిచేసే నాడీకణాల మధ్య బంధం వాడుతున్నకొద్దీ బలపడుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త డొనాల్డ్ హెబ్ 1949లో ప్రతిపాదించినది కూడా ఇటువంటిదే.

మా నాన్న గుండెపోటుతో పోయిన ఏడాది, ఛాతీలో మంటగా ఉందన్నప్పుడే ప్రొద్దుటూరుకు తీసుకుపోయి ఉంటే బతికేవాడన్న ఆలోచన ప్రతి రాత్రీ ఒకే వరుసలో, దాదాపు అవే మాటలతో వచ్చేది. ఆ వానాకాలంలోనే మా చేని గెనిమకు గండి పడింది. రాళ్లు పేర్చి, మట్టి తొక్కి రెండుసార్లు పూడ్చాను. రెండుసార్లూ తర్వాతి వానకు అదే చోట తెగింది. అది చూసి మా చిన్నాయన, "నీళ్లు దోవ మరిగినాయి నాయనా, మూస్తే నిలబడవు. పైనుంచే ఇంగో దోవ జేసియ్యల్ల" అన్నాడు. ఎగువన పారతో జానెడు లోతు కాలువ తీసి వంకలోకి మళ్లించాక గాని ఆ గండికి వేసిన పూడిక నిలవలేదు.

ఆ మాట పట్టుకుని, రాత్రి ఆ ఆలోచన మొదలవగానే దాన్ని అణచాలని చూడకుండా, సేద్యంలో నాన్న నాకు నేర్పిన పని ఒకటి నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాను. విత్తనపు వేరుశనగ ఎలా ఏరాలి, గొర్రుకు పదును ఎప్పుడు సరిపోతుంది, ఇటువంటివే. నాలుగైదు నెలలకు నాన్న గుర్తుకు రాగానే ముందు చేనే కనిపించసాగింది. పాత దారి చెరిగిపోలేదు. పెద్ద వాన పడితే కొన్ని నీళ్లు ఇప్పటికీ అటే పోతాయి.

ఇక పోలిక తెగిపోయే చోటు చెప్పాలి. నాడీకణానికి అందే సంకేతాలలో కొన్ని దాన్ని ప్రేరేపిస్తే మరికొన్ని అణచివేస్తాయి. ఆ రెంటి లెక్క తేలాకే అది ముందుకు సంకేతం పంపుతుంది. పెన్నలో కలిసే ఏ ఏరూ దాని నీటిని తగ్గించదు.