రెండో వైపు స్పిన్

ప్రశ్న: రెండేళ్లుగా ఫిగర్ స్కేటింగ్ నేర్చుకుంటున్నాను. అపసవ్య దిశలో ఎడమ కాలి మీద ఆరేడు చుట్లు, అదే దిశలో కుడి కాలి మీద తిరిగే బ్యాక్ స్పిన్‌లో నాలుగు చుట్లు నిలకడగా తిరగగలను. సవ్య దిశలో కూడా సాధన చేయాలని ఉంది. అలా చేస్తే వచ్చిన స్పిన్ కూడా చెడిపోతుందని తోటివారు అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఆ భయం పెట్టుకోకండి. నిలకడగా ఆరేడు చుట్లు వచ్చినవారికి రెండో దిశ వల్ల మొదటిది చెడిపోవడం నేను చూడలేదు. 1976 ఒలింపిక్ విజేత జాన్ కర్రీ జంప్‌లు అపసవ్య దిశలోనూ, స్పిన్‌లు సవ్య దిశలోనూ చేసేవారు. మీరు మాత్రం జంప్‌లను ఇప్పుడున్న దిశలోనే ఉంచుకోండి.

అసలు చిక్కు మీ కుడి కాలిలోనే ఉంది. బ్యాక్ స్పిన్‌లో అది బ్యాక్ అవుట్‌సైడ్ ఎడ్జ్ (వెనక్కి జారుతున్నప్పటి బ్లేడు బయటి అంచు) మీద నిలబడటానికి అలవాటుపడింది. సవ్య దిశ ఫార్వర్డ్ స్పిన్‌లో (ముందుకు జారుతూ ప్రవేశించే మామూలు స్పిన్‌లో) అదే కాలు బ్యాక్ ఇన్‌సైడ్ ఎడ్జ్, అంటే లోపలి అంచు మీద నిలవాలి కాబట్టి, పాత అలవాటు కొద్దీ మడమ బయటికి ఒరిగి, రెండో చుట్టులోనే పట్టు తప్పుతుంది. అందుకే ముందు రెండు కాళ్ల మీద తిరగండి. తూకం కుదిరాక ఎడమ పాదాన్ని మెల్లగా కుడి మోకాలి దగ్గరికి ఎత్తండి. అలా మూడు చుట్లు వచ్చాకే కుడి ఫార్వర్డ్ అవుట్‌సైడ్ ఎడ్జ్ మీద ప్రవేశించి త్రీ టర్న్ (అదే కాలి మీద ముందు నుంచి వెనక్కి తిరిగే మలుపు) చేయండి. ఆ టర్న్ పూర్తయ్యేదాకా ఎడమ చేయి, ఎడమ కాలు వెనకే ఆగి ఉండాలి. తొందరపాటు ఎక్కువగా కనబడేది ఇక్కడే.

ఆగిన ప్రతిసారీ మంచు మీది గీతలు చూడండి. చిన్న సున్నాలు ఒకదానిమీద ఒకటి పడి ఉంటే స్పిన్ కుదిరినట్టే. సాగదీసిన స్ప్రింగులా పక్కకు జరిగి ఉంటే, ప్రవేశంలో వంపు పూర్తికాకముందే తిరిగారన్నమాట. టో పిక్ (బ్లేడు ముందు కొసన ఉండే పళ్లు) గీత మరీ లోతుగా ఉంటే బరువు ముందుకు పడుతోంది.

లోపలి చెవి ఒక దిశకే అలవాటుపడి ఉంటుంది కనుక మొదట్లో తల ఎక్కువగా తిరుగుతుంది. కాళ్లు అలవకముందే, రోజుకు పది నిమిషాలకు మించకుండా, మధ్యమధ్య ఆగుతూ చేయండి.

పోటీలలోనూ ఈ శ్రమకు విలువ ఉంది. సిట్ (మోకాలు వంచి కూర్చున్నట్టు) లేదా క్యామెల్ (ఒక కాలిని నడుము ఎత్తున వెనక్కి చాచి) భంగిమలో వెంటవెంటనే రెండు దిశల్లో, ఒక్కో దిశలో కనీసం 3 చుట్లు తిరగడాన్ని అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య నిబంధనలు స్పిన్ స్థాయిని పెంచే అంశంగా గుర్తిస్తూ వచ్చాయి. అయితే రెండు వైపులా సిట్ స్పిన్ విడివిడిగా స్థిరపడేవరకు వాటిని కలిపే ప్రయత్నం చేయకండి.