కొత్త బ్యాటరీ వేసినా తెల్లారేసరికి సెల్ఫ్ తిరగడం లేదు

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. మా 1998 నాటి ట్రాక్టరుకు మూడు నెలల క్రితం కొత్త బ్యాటరీ వేయించాను. అయినా రాత్రి ఆపితే పొద్దున సెల్ఫ్ తిరగదు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 12.3 వోల్టులే ఉంది. బ్యాటరీకి చార్జింగ్ ఇచ్చే ఆల్టర్నేటర్ మార్చమంటున్నారు. మార్చాలా?
– ఒక రైతు

జవాబు: ఇప్పుడే డబ్బు పెట్టకండి. ఇంజను నడిచేటప్పుడు 13.8 నుంచి 14.4 దాకా చూపాలి. 12.3 అంటే చార్జింగ్ అందడం లేదనే. ముందు బెల్టు బిగువు చూడండి. తర్వాత ఆల్టర్నేటర్ లావు తీగ బిగించిన బోల్టు దగ్గర కొలవండి. అక్కడ 14 ఉండి బ్యాటరీ దగ్గర 12.3 ఉంటే దోషం తీగలదే.

విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. దమ్ము చేసిన బండ్లలో నేను ఎక్కువగా చూసింది ఎర్త్ పట్టీ (బ్యాటరీ నెగటివ్‌ను బండి ఒంటికి కలిపేది) చిలుము. పైకి బాగానే కనిపిస్తుంది, విప్పితే పచ్చగా ఉంటుంది. లైట్లు వేసి, మల్టీమీటరు ఒక పుల్ల బ్యాటరీ నెగటివ్‌కు, రెండోది ఆల్టర్నేటర్ ఒంటికి ఆనించండి. 0.2 వోల్టులు దాటితే పట్టీ విప్పి, రంగు పోయేదాకా గీకి బిగించండి.

బోల్టు దగ్గరా, బ్యాటరీ దగ్గరా 12.3 ఉంటేనే ఆల్టర్నేటర్ బ్రష్‌లు, రెగ్యులేటర్ చూపించండి. తాళం తిప్పగానే చార్జింగ్ దీపం వెలుగుతోందా? కొన్ని బండ్లలో ఆ బల్బు మాడినా చార్జింగ్ మొదలుకాదు.

ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నాను: పరీక్ష పేరుతో నడుస్తున్న ఇంజనుకు బ్యాటరీ తీగ పీకవద్దు. బాగున్న ఆల్టర్నేటర్ డయోడ్లు అలాగే కాలిపోతాయి.