అమ్మ రావాలా, నేనే వెళ్ళాలా: ఇంగ్లాండులో మొదటి పురుడు

ఆంధ్రా సరిహద్దులో ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో మా అమ్మ వాళ్ళింటికి వెళ్తే రెండో రోజుకల్లా అరుగు నిండిపోతుంది. మొన్న సంక్రాంతికి వచ్చినవాళ్ళలో ముగ్గురు ఒకే సందేహంతో వచ్చారు. ఒకమ్మాయిది గుణుపురం. నర్సు, ఇంగ్లాండు వెళ్ళి ఏడాదైంది, సెలవుకి వచ్చింది, ఐదో నెల. ఇంకొకామె కూతురు మాంచెస్టర్‌లో ఉంది. మూడో అమ్మాయిది మా వీధే. మొగుడి వీసా మీద వచ్చే నెల బయల్దేరుతోంది. ఇంకా ఏ విశేషమూ లేదు గానీ ముందే అడిగి పెట్టుకుంటానంది. తెలివైన పిల్ల. ముగ్గురూ అడిగింది ఇదే: పురుడు ఇక్కడ పోసుకోవాలా, అక్కడ పోసుకోవాలా?

నాకు రెండూ అయ్యాయి. పెద్దది పర్లాకిమిడిలో పుట్టింది, చిన్నవాడు లెస్టర్‌లో. అందుకని నిజం చెప్తాను. ఏ దేశమన్నది రెండో మాట. కాన్పయ్యాక మొదటి పది రోజులు రాత్రి రెండింటికి బిడ్డ ఏడిస్తే లేచి ఎత్తుకునేది ఎవరు? మీకింత వేడన్నం పెట్టేది ఎవరు? ముందు ఆ మనిషిని ఖాయం చేసుకోండి. ఆ మనిషి ఎక్కడుంటే కాన్పు అక్కడ.

ఇంటికి వచ్చి పోసుకోవాలనుకుంటే లెక్క తొందరగా వేసుకోవాలి. 28 వారాలు దాటితే చాలా విమానాల వాళ్ళు డాక్టర్ ఉత్తరం అడుగుతారు, ఒక్క బిడ్డే అయినా 37 వారాలకి వచ్చేసరికి ఎక్కించుకోరు. మన వాళ్ళు సీమంతం చూసుకుని, మంచిరోజు చూసుకుని, తీరా టికెట్ తీసేసరికి ఎనిమిదో నెల వచ్చేస్తుంది. పైగా లండన్ నుంచి హైదరాబాదు, అక్కణ్ణుంచి విశాఖ, ఆ తర్వాత రోడ్డు మీద టెక్కలి, పాతపట్నం దాటి పర్లాకిమిడి. ఆ చివరి కారు ప్రయాణంలోనే నాకు నడుం పోయింది.

ఇంకో సంగతి, అప్పుడు ఎవరూ నాకు చెప్పలేదు. ఇండియాలో పుట్టిన బిడ్డ తిరిగి ఇంగ్లాండు రావాలంటే ముందు బర్త్ సర్టిఫికెట్, దాంతో పాస్‌పోర్టు, ఆ తర్వాత డిపెండెంట్ వీసా. మూడూ అయ్యేసరికి మా పిల్లకి ఐదో నెల దాటింది. వాళ్ళ నాన్న దాన్ని మొదటిసారి ఎత్తుకున్నది ఎయిర్‌పోర్టులో. అది ఆయన్ని చూసి గుక్కపట్టి ఏడ్చింది.

సర్టిఫికెట్ దగ్గర మాకు పడిన చిక్కు సరిహద్దు ఊళ్ళ వాళ్ళకే అర్థమవుతుంది. ఫారం మేమే ఒడియా వచ్చిన పక్కింటాయనతో రాయించాం. ఒడియాలో మన 'వ' మామూలుగా 'బ' అయిపోతుంది. వసంత బసంత అవుతుంది, వాణి బాణి అవుతుంది. మా పిల్ల పేరులోనూ వ ఉంది. దానికి తోడు మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా వాళ్ళు చివర రాస్తారు. మా ఆయన పాస్‌పోర్టులో ఒకలా, పిల్ల సర్టిఫికెట్‌లో ఇంకోలా. దిద్దించుకోడానికి మా తమ్ముడు ఎన్నిసార్లు తిరిగాడో లెక్కే లేదు. తప్పు మాదే, ఎవర్నీ అనడానికి లేదు. కాబట్టి ఫారం ఇచ్చే ముందు తల్లిదండ్రులిద్దరి పాస్‌పోర్టులూ పక్కన పెట్టుకుని ఒక్కో ఇంగ్లీషు అక్షరం చూసుకోండి. పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయించాలి, ఆ తర్వాత ఆలస్య రుసుము, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా పోతుంది. పేరు అప్పుడే పెట్టకపోయినా నమోదు ఆపనక్కర్లేదు, ఏడాదిలోపు పేరు ఉచితంగా చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకి పాస్‌పోర్టు దగ్గర పుట్టినరోజుకి ఆ కాగితమే రుజువు. బారసాలకి పేరు పెట్టాక చూద్దాంలే అనుకోవద్దు.

ఇవి పక్కన పెడితే, ఇంటి పురుడు ఇంటి పురుడే. అమ్మ వండిన తెలగపిండి మునగాకు కూర, వెల్లుల్లి కారం, పాత బియ్యం అన్నం, మధ్యాహ్నం వేన్నీళ్ళ స్నానం. స్నానం పోసే ముసలమ్మ నా నడుం మీద చేత్తో చరుస్తుంటే సగం నొప్పి అక్కడే పోయేది. ఆరో రోజు వెనకింటి ఒడియా మావుసీ మా పిల్ల కోసం తనే షష్ఠి పూజ చేసింది. 21వ రోజు మనకి బారసాల, వాళ్ళకి ఎకోయిశియా. ఒకే ఉయ్యాల దగ్గర రెండు భాషల్లో పాటలు పాడారు. చీర మీద పిల్ల కక్కిన పాలు, ఒళ్ళో తాంబూలాలు, నేను నిద్ర ఆపుకోలేక కూర్చునే కునుకు తీశాను.

కానీ ఆ ఇంట్లోనే నేను పోట్లాడిన రోజులూ ఉన్నాయి. పుట్టిన గంటలోనే పెద్దత్త తేనె పట్టుకొచ్చింది. "ఏటమ్మా, పసిగుంటకి తేనె నాకించవా, మాట తియ్యగా రావద్దా?" అంది. ఏడాది నిండేదాకా తేనె నాకించకూడదు, అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసిపేగుల్లో విషం పుట్టిస్తుంది. వస అరగదీసి నాకించడం, ఉగ్గుగిన్నెలో నీళ్ళు పట్టడం, ముక్కులో నూనె చుక్క వెయ్యడం, అన్నీ వద్దన్నాను. ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. బాలింత నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందని నాకు చెంబుతో కొలిచి ఇచ్చేవారు. పాలిచ్చే మనిషికి దాహం ఎక్కువ, దొంగతనంగా తాగేదాన్ని. మంచం కింద నిప్పుల కుంపటి మాత్రం మా అమ్మే తీయించేసింది, నేను నోరు తెరవక ముందే.

అత్తతో గొడవ పడి గెలిచింది నేను కాదు, మా వీధి ఆశా కార్యకర్త, మేం ఆశా దీదీ అంటాం. ఆసుపత్రిలో కాన్పైతే మూడు, ఏడు, 14, 21, 28, 42 రోజులకి ఆమె ఇంటికి వచ్చి బిడ్డ బరువు, జ్వరం చూడాలి. మా ఇంటికి అలాగే వచ్చింది. మూడో రోజున తేనె సీసా చూసి, ఒడియా కలిసిన తెలుగులో పెద్దత్తకి మెత్తగా పెట్టింది చీవాట్లు. ఆ తర్వాత సీసా అటక ఎక్కింది.

లెస్టర్‌లో రెండోసారి ఆశా దీదీ స్థానంలో మిడ్‌వైఫ్, అంటే కాన్పులు చెయ్యడం చదువుకున్న మంత్రసాని, వచ్చింది. ఇది తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. అక్కడ మామూలు కాన్పుకి డాక్టర్ కనబడకపోవచ్చు కూడా. మొదటి అపాయింట్‌మెంట్ నుంచి చివరి దాకా మిడ్‌వైఫే. గర్భమని తెలియగానే పదో వారం లోపు నమోదు చేయించుకోండి. వీసాతో పాటు ఐహెచ్‌ఎస్, అంటే అక్కడి ప్రభుత్వ వైద్యానికి ముందే కట్టే రుసుము, కట్టి ఉన్నా, నర్సుల వీసాకి లాగా దాన్నుంచి మినహాయింపు ఉన్నా కాన్పుకి మళ్ళీ బిల్లు రాదు. పన్నెండో వారం దగ్గర ఒక స్కాన్, ఇరవయ్యో వారం దగ్గర ఇంకోటి. ఆ రెండో స్కాన్‌లో ఆడా మగా అడిగితే చెప్తారు, అక్కడది నేరం కాదు. మా అమ్మకి ఫోన్‌లో చెప్తే "గట్టిగా అనకే, ఎవరైనా వింటారు" అంది.

నొప్పులు మొదలయ్యాయని ఫోన్ చేస్తే "ఇంకా ఇంట్లోనే ఉండండి" అంటారు. మనకి ఒళ్ళు మండుతుంది. ఐదు నిమిషాలకొకసారి వచ్చేదాకా ఇంట్లో ఉండమనడం అక్కడ మామూలే, నిర్లక్ష్యం కాదు. కానీ ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపించినా ఏ అర్ధరాత్రి అయినా వెంటనే ఫోన్ చెయ్యాలి, అప్పుడు మొహమాటపడొద్దు. ఇంగ్లీషు తడబడితే తెలుగు దుబాసీ కావాలని అడగండి, డబ్బు తీసుకోరు.

కాన్పయ్యాక నాకు ఇచ్చింది కాల్చిన బ్రెడ్డు, టీ. మా అమ్మ ఇప్పటికీ ఆ మాట ఎత్తితే నొచ్చుకుంటుంది. మర్నాడే ఇంటికి పంపించేశారు. కారులో బిడ్డ సీటు ముందే కొని బిగించి పెట్టుకోండి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని తీసుకెళ్తామంటే కుదరదు. ఇంటికి చేరిన మర్నాడు మిడ్‌వైఫ్ వచ్చి కుట్లు చూసింది, బిడ్డని చూసింది. ఐదో రోజున బరువు తూచి, మడమ మీద గుచ్చి నాలుగు రక్తపు చుక్కలు ఒక కార్డు మీద పట్టింది. పదో రోజు దాటాక హెల్త్ విజిటర్ చేతికి, అంటే ఆ తర్వాత తల్లీబిడ్డల్ని చూసే నర్సుకి, అప్పగించింది. ఎర్ర అట్ట పుస్తకం ఒకటి ఇస్తారు, టీకాలన్నీ అందులోనే, పారేసుకోవద్దు. మన దగ్గర పుట్టగానే వేసే క్షయ టీకా బీసీజీ అక్కడ అందరికీ వెయ్యరు. తల్లిదండ్రులు ఇండియాలో పుట్టారని చెప్తే వేస్తారు, అడిగి వేయించుకోండి.

మొదటి రోజుల్లో అందరూ కంగారు పడే విషయాలు కొన్ని. ముర్రుపాలు చిక్కగా, పసుపుగా, చెంచాడు కూడా రావు. అవే చాలు, పిండి పారబోయొద్దు. రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పట్టాలి, గడియారం చూసి కాదు, బిడ్డ నోరు వెతుక్కున్నప్పుడల్లా. పుట్టిన బరువు మొదటి వారం కాస్త తగ్గుతుంది, రెండు వారాల్లో మళ్ళీ రావాలి. పాలు సరిపోతున్నాయా అని నా ప్రాణం తీశారు అందరూ, నేనూ నా ప్రాణం తీసుకున్నాను. ఐదో రోజు నుంచి రోజుకి ఆరు తడి డైపర్లు వస్తుంటే సరిపోతున్నట్టే. ఆ లెక్క నాకు మిడ్‌వైఫ్ చెప్పాక ఆ రాత్రి ఏడుపు మానేశాను. పసరికలు, అదే కామెర్లు, మన పిల్లల చర్మం మీద అంత తేలిగ్గా తెలియవు. కళ్ళ తెలుపు, చిగుళ్ళు, అరికాళ్ళు పగటి వెలుగులో చూడండి. మొదటి 24 గంటల్లోనే పచ్చబడితే ఆగకూడదు. మూడు నెలల లోపు పసివాడికి జ్వరం 38 డిగ్రీలు, అంటే మన లెక్కలో 100.4, ఉన్నా దాటినా సిరప్ పోసి చూడటాలు లేవు, వెంటనే ఆసుపత్రికే. పడుకోబెట్టడం వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు లేకుండా. ఆవ దిండు పెట్టకపోతే తల గుండ్రంగా రాదని మా అమ్మ అలిగింది, అలగనిచ్చాను.

మీ సంగతి కూడా. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, తలనొప్పి వచ్చి కళ్ళు మసకబారుతున్నా బాలింత నీరసం అనుకోవద్దు, వెళ్ళిపోండి. మూడో రోజుకి ఊరికే ఏడుపు రావడం మామూలే. రెండు వారాలు దాటినా పోకపోతే, బిడ్డని చూస్తే ఏమీ అనిపించకపోతే, నిద్ర పట్టకపోతే అది జబ్బు, మందుంది. నాకు మొదటిసారి ఇంటి నిండా మనుషులున్నా వచ్చింది. అంతమందిలో ఒక్కరికీ చెప్పలేకపోయాను. రెండోసారి హెల్త్ విజిటర్ ఒక కాగితం మీద పది ప్రశ్నలు ఇచ్చి టిక్కు పెట్టమంది. అలా అడిగేవాళ్ళుంటే చెప్పడం ఎంత తేలికో.

ఇక అమ్మని తెప్పించడం. విజిటర్ వీసా మామూలుగా ఆరు నెలలకి ఇస్తారు. కాన్పు తేదీకి నెల ముందు వచ్చేలా చూడండి. రాకపోకల ఖర్చు, తిరిగి వెళ్తారన్న రుజువు గట్టిగా పెట్టండి. బిడ్డల్ని చూసే ఉద్యోగానికి వస్తున్నట్టు ఉత్తరంలో రాయకండి, కూతుర్నీ మనవణ్ణీ చూడ్డానికి వస్తున్నారు, అంతే. పెట్టెలో తెలగపిండి, శొంఠి, వాము, కాయం సామాను సరే. నెయ్యి, ఛెనాపోడొ లాంటి పాల పదార్థాలు ఇంగ్లాండులోకి రానివ్వరు, మా అమ్మ నేతి డబ్బా ఎయిర్‌పోర్టులోనే ఉండిపోయింది. మెంతికూర, ములక్కాడలు లెస్టర్‌లో బెల్‌గ్రేవ్ రోడ్డు దుకాణాల్లో దొరుకుతాయి, మొయ్యక్కర్లేదు. అమ్మ రాలేకపోతే మీ ఆయనకి తండ్రిగా ఇచ్చే రెండు వారాల సెలవు ఉంది. 2024 ఏప్రిల్ నుంచి ఆ రెండు వారాల్నీ విడివిడిగా వాడుకోవచ్చు. ఒక వారం కాన్పప్పుడు, ఇంకోటి అమ్మ వెళ్ళిపోయాక వాడుకోమనండి. ఉద్యోగం చేస్తుంటే మెటర్నిటీ పే గురించి ఆఫీసులో ముందే అడగండి.

కాగితాలు త్వరగా చెప్తాను. ఇంగ్లాండులో పుట్టిన 42 రోజుల్లో నమోదు చెయ్యాలి. అక్కడ పుట్టినంత మాత్రాన బ్రిటిష్ కాడు, తల్లిదండ్రుల్లో ఒకరికైనా పౌరసత్వమో స్థిరనివాసమో ఉండాలి. కాబట్టి ఏడాదిలోపు ఇండియన్ హైకమిషన్‌లో పుట్టుక నమోదు చేయించి పాస్‌పోర్టు తీసుకోండి. ఇండియాకి తెచ్చేముందే తిరిగి రావడానికి వాడి వీసా చూసుకోండి. వీసా మీద 'పబ్లిక్ ఫండ్స్ లేవు' అని ఉంటే ఎవరో చెప్పారని చైల్డ్ బెనిఫిట్‌కి అప్లై చెయ్యకండి. రేపు వీసా పొడిగింపు దగ్గర అదే మెడకి చుట్టుకుంటుంది.

ఇంతా విన్నాక మా వీధి అమ్మాయి అడిగింది. "అక్కా, అక్కడ బిడ్డకి సాంబ్రాణి వెయ్యొచ్చా?" వెయ్యొద్దన్నాను, ఆ పొగ పసి ఊపిరికి మంచిది కాదు. అయినా మా అమ్మ ఒకసారి నేను నిద్రపోతుంటే వేసింది. నిమిషంలో పొగ అలారం ఊరంతా వినబడేలా కూసింది. పక్కింటి ముసలాయన చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. మా అమ్మ చేతిలో ధూపం గిన్నె, తల మీద తువ్వాలు, ఆయనకి రెండు చేతులూ చూపించి "నో ఫైర్, నో ఫైర్, బేబీ" అంటోంది. ఆయన మర్నాడు ఒక కేకు తెచ్చి ఇచ్చాడు. మా అమ్మ దాన్ని బాలింత పథ్యానికి పనికిరాదని తనే తినేసింది.